రాన్సమ్ ఫెర్రీలో నాలుగు వందల చుట్లు

రాన్సమ్ ఫెర్రీ,
14 జూన్ 1952

ఆర్లిస్,

నువ్వు షార్లెట్ వెళ్ళి ఆ కార్ల షెడ్డులో చేరి ఏడాది దాటింది. ఇప్పటికి మూడు ఉత్తరాలు రాశావు. మూడింట్లోనూ ఇంజన్ల సంగతి తప్ప మరొకటి లేదు. సరే, ఈసారి మీ అక్క కూడా కార్ల గురించే రాస్తుంది. అప్పుడైనా జవాబు వస్తుందేమో చూస్తాను.

మిల్లుకు దక్షిణాన ఉన్న వేరుశనగ చేలు నీకు గుర్తుండే ఉంటాయి. వాటిని చదును చేసి పందెం బాట వేస్తున్నారు. మామూలు మట్టిబాట కాదు, తారు. చుట్టూ మైలుంపావు. మలుపుల దగ్గర నేలను పళ్ళెం అంచులా పైకెత్తారు. నిన్న నాన్న చూడబోయి ఆ వాలు మీద నిలబడలేక కూర్చుని జారుకుంటూ దిగాడట. ప్యాంటు నేనే ఉతికాను కాబట్టి నమ్ముతున్నాను. సెప్టెంబరు మొదటి సోమవారం, కార్మికుల సెలవు రోజున, ఐదు వందల మైళ్ళ పందెం. అంటే నాలుగు వందల చుట్లు. బజారులో అమ్మే మామూలు కార్లతోనే. ఇకమీదట ఏటేటా జరుపుతారట. ఒక్క ఏడు జరిగితే గొప్ప అంటున్నారు మా పాస్టరుగారు.

అసలు సంగతి ఇది. బ్రిల్ గారని ఒక పెద్దమనిషి, లెక్కల పెద్దగా వేశారట ఆయన్ని, మొన్న మా మగ్గాల షెడ్డుకు వచ్చాడు. ఒక్కో కారుకు ఒక్కో మనిషి కూర్చుని, కారు గీత దాటిన ప్రతిసారీ ఎదురుగా ఉన్న పెద్ద గడియారం చూసి కార్డు మీద టైము రాయాలి. ఆరేడు గంటలు కన్ను తిప్పకూడదు. నలభై మగ్గాల్లో ఏ పోగు తెగినా పట్టుకునే ఆడవాళ్ళు ఇక్కడ ఉన్నారని ఎవరో చెప్పారట. మా మేస్త్రీ నన్ను చూపించాడు.

నువ్వు వచ్చి నడుపు. నీ కారు నేను లెక్కపెడతాను.

లవీడా

*

షార్లెట్,
12 సెప్టెంబరు 1952

అక్కా,

వేళ్ళు ఇంకా వాచి ఉన్నాయి. అందుకే చిన్న ఉత్తరం.

డెబ్బై రెండు కార్లలో పంతొమ్మిదో వాణ్ణి. ఇక్కడ షెడ్డులో వాళ్ళు నవ్వుతున్నారు. వాళ్ళలో ఎవడూ ఆ ఎండలో ఆరు గంటల నలభై నిమిషాలు స్టీరింగు పట్టుకోలేదు కనుక నవ్వనీ. పద్నాలుగు టైర్లు పేలాయి. చివరికి మావాళ్ళు పందెం చూడవచ్చినవాళ్ళ కార్ల దగ్గరికి వెళ్ళి టైర్లు అడుక్కొచ్చారు. అందులో రెండు మీ పాస్టరుగారివి. పందేలు పాపమన్న మనిషి అక్కడికెందుకు వచ్చాడో నువ్వే అడుగు.

నాన్న చుట్ల బోర్డు పట్టుకుని నిలబడటం చూశావు కదా. నేను ముందు నుంచి పోయిన ప్రతిసారీ అంకె తిప్పి ఎత్తి చూపించాడు. కార్లో ఉన్నవాడికి ఎన్ని చుట్లయిందో తెలియదు, ఆ బోర్డే దిక్కు. చివర్లో ఆయన అంకె, నీ కార్డు అంకె ఒక్కటే: మూడు వందల నలభై ఏడు. ఇద్దరూ ఇంటివాళ్ళయితే ఇంకేం కావాలి.

ఏదో ఒక ఏడు ఆ కప్పు కొడతాను. రాసిపెట్టుకో.

ఆర్లిస్

*

షార్లెట్,
22 జూలై 1956

అక్కా,

నాన్నను తీసుకొచ్చి మంచి పని చేశాను. మిల్లు మానేశాక అక్కడ ఆయనకు పొద్దుపోయేది కాదు. ఇక్కడ షెడ్డులో స్టూలేసుకుని కూర్చుని అందరి తప్పులూ ఎంచుతున్నాడు. మర్టిస్ చేసిన మొక్కజొన్న రొట్టెలో చక్కెర ఉందని మొదటిరోజే గొడవ పెట్టుకున్నాడు. నా పెళ్ళాం మామూలు మనిషి కాదు, రెండోరోజు ఇంకో చెంచా ఎక్కువ వేసింది.

ఎడమ కన్ను మసకేసిందని డాక్టరు అన్నాడు. పేపరు చదవలేడు. నీ ఉత్తరాలు భోజనాల దగ్గర నేనే పైకి చదువుతాను. ప్రతి ముక్కా రెండుసార్లు చదివించుకుంటాడు. సెప్టెంబరులో బోర్డు మాత్రం ఎవరికీ ఇవ్వనంటున్నాడు. "కార్డు పిల్లది, బోర్డు నాది" అంటాడు.

ఈసారి కారు చూశావంటే. ముప్పై ఎనిమిదో నంబరు, తెల్లరంగు. కోయ్ మాబ్రీ తన నీలం కారు తీసుకుని ఇంటికి పోవచ్చు.

ఆర్లిస్

*

షార్లెట్,
9 సెప్టెంబరు 1956

లవీడా,

ఆరు రోజులుగా రాయకూడదనే ఊరుకున్నాను. మర్టిస్ రాయమంది.

కార్డులు సరిచూడకముందే, నాన్న బోర్డు చూసి కప్పు నా చేతిలో పెట్టారు. ఫొటోలు తీశారు. నాన్న ఏడ్చాడు. రెండు గంటల తర్వాత ఒకడొచ్చి కప్పు వెనక్కి ఇమ్మన్నాడు. ఎందుకంటే మా అక్క కార్డు మీద మూడు వందల తొంభై తొమ్మిదే ఉన్నాయట. నా ఒక చుట్టు మాయమైపోయిందట.

నాన్న బోర్డు మీద నేను మాబ్రీ కంటే ఒక చుట్టు ముందున్నాను. అందుకే చివరి పది చుట్లు టైర్లు కాపాడుకుందామని నెమ్మదించాను. వాడు నన్ను దాటిపోతుంటే పోనిచ్చాను, వెనకబడ్డ చుట్టు తీర్చుకుంటున్నాడనుకుని. తెలిసుంటే ఆ నీలం కారును నా ముందుకు రానిచ్చేవాణ్ణా?

మాబ్రీ మనుషుల్లో ఒకడు చెప్పాడు, రెండు వందల చుట్ల దగ్గర నువ్వు బ్రిల్‌తో వేరుశనక్కాయలు తింటూ నవ్వుతున్నావని. కాదంటే కాదని రాయి. ఎక్కడ కన్ను తిప్పావో కూడా రాయి. నీ జవాబు నాన్నకు కూడా చదివి వినిపిస్తాను. ఆయన అన్నం సరిగా తినడం లేదు.

ఆర్లిస్ గాస్కిన్స్

*

రాన్సమ్ ఫెర్రీ,
15 సెప్టెంబరు 1956

తమ్ముడూ,

ఇంటిపేరుతో సహా సంతకం పెట్టావు, బ్యాంకుకు రాసినట్టు. సరే.

బ్రిల్ గారు నాకు ఇరవై అడుగుల దూరంలో కూర్చుంటారు. ఆయనకు అరవై రెండేళ్ళు, ఎడమ చెవి వినపడదు. ఆయనతో నవ్వాలంటే ఊరంతా వినపడేలా అరవాలి. వేరుశనక్కాయలు నేను తినలేదు. నీళ్ళు కూడా తాగలేదు, బయటికి లేవాల్సొస్తుందని.

నేను కన్ను తిప్పలేదు. చూసింది చూసినట్టు రాశాను. నువ్వు గీత దాటింది మూడు వందల తొంభై తొమ్మిది సార్లు. కార్డు అలాగే ఇచ్చాను. ఒకటి కలిపి రాసి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. నాకు తెలిసేది.

అంతకన్నా కాగితం మీద పెట్టలేను. నువ్వు ఒక్కడివే వస్తే మాట్లాడతాను.

నాన్నను అన్నం తినమను. ఆయన తప్పు ఏమీ లేదని అక్క చెప్పిందని చెప్పు.

లవీడా

*

షార్లెట్,
23 సెప్టెంబరు 1956

లవీడా,

కాగితం మీద పెట్టలేనిదంటే తప్పు చేసినట్టే. నాన్న తప్పు ఎవరన్నారు? ఆయన్నెందుకు లాగుతున్నావు? నీ ఉత్తరం చదివాక ఆయన లేచి బయటికి వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాడు. ఆయన్ని ఇంకా బాధపెట్టకు.

ఇకనుంచి నేను రాన్సమ్ ఫెర్రీ రాను. పందేలు వేరేచోట కూడా ఉన్నాయి.

ఆర్లిస్

*

రాన్సమ్ ఫెర్రీ,
10 సెప్టెంబరు 1959

తమ్ముడూ,

మూడేళ్ళలో ఇది ఏడో ఉత్తరం. మర్టిస్ క్రిస్మస్‌కు రెండు ముక్కలు రాస్తుంది కాబట్టి మీరంతా బతికున్నారని తెలుస్తోంది.

సోమవారం ఎనిమిదో పందెం అయింది. పాస్టరుగారు ఒక్క ఏడన్నారు కదా, ఇప్పుడు చర్చి ఆడవాళ్ళ వేయించిన కోడి దుకాణానికి ప్రారంభ ప్రార్థన ఆయనదే. చెక్క బల్లలు పోయి కాంక్రీటు మెట్లు వచ్చాయి. ఉత్తరం వైపు మలుపు ఇంకా ఎత్తు చేశారు. మొదటి ఏడు ఆరున్నర గంటలు పట్టిన పందెం ఇప్పుడు నాలుగున్నర గంటల్లో అవుతోంది. నా కార్డు మీద అంకెలు దగ్గర దగ్గరగా పడుతున్నాయి, పెన్సిలు ఎత్తే వ్యవధి లేదు. మధ్యాహ్నం వాన పడి గంటసేపు ఆపారు. జనం ఒక్కరు కదల్లేదు. ఒకాయన పెళ్ళాం మీద గొడుగు పట్టి, తాను తడుస్తూ నిలబడ్డాడు. తీరా చూస్తే గొడుగు కింద ఉన్నది ఆవిడ కాదు, కోడి డబ్బా.

నేను మాబ్రీ కారు లెక్కపెట్టానని నీకు ఎవరో చేరవేశారని మర్టిస్ రాసింది. నిజమే, నిరుడు, ఈ ఏడూ కూడా. ఎవరికి ఏ కారన్నది బ్రిల్ గారే నిర్ణయిస్తారు. ఇప్పుడు డ్రైవర్లందరూ నన్నే అడుగుతున్నారట. ఎందుకు అడుగుతున్నారో నీకు రాయడం నాకు ఇష్టం లేదు.

నీ నంబరు ఇంకెవరికీ ఇవ్వలేదు. ముప్పై ఎనిమిది ఖాళీగానే ఉంది.

లవీడా

*

షార్లెట్,
17 మార్చి 1963

అక్కా,

నాన్న పోయిన రోజు తంతి ఇచ్చాను. నువ్వు వచ్చావు. మూడు రోజులు ఒకే ఇంట్లో ఉండి మనం వాతావరణం గురించి మాట్లాడుకున్నాం. చెప్పవలసింది అప్పుడు నోటికి రాలేదు. బస్సు కదిలాక నీ వెనక పరిగెత్తుదామనుకున్నాను. నలభైకి దగ్గర పడ్డవాణ్ణి, సిగ్గేసింది. ఇప్పుడు రాస్తున్నాను.

ఆయన పోవడానికి రెండు రోజుల ముందు నన్ను మంచం దగ్గర కూర్చోమన్నాడు. మర్టిస్‌ను బయటికి పొమ్మన్నాడు. తలగడ సర్దమంటాడేమో అనుకున్నాను.

"ఒరేయ్, ఆ ఏడు బోర్డు నేను రెండుసార్లు తిప్పాన్రా" అన్నాడు. "నువ్వు టైర్లకు లోపలికొచ్చినప్పుడు ఒకసారి, బయటికి పోయేటప్పుడు ఒకసారి. తిప్పానో లేదో గుర్తులేక మళ్ళీ తిప్పాను. రెండో కన్ను కూడా కనిపించట్లేదని చెబితే బోర్డు లాక్కుంటావని చెప్పలా."

నేను తలగడే సర్దాను. ఆయనే అన్నాడు:

"పిల్ల ఎదురుగా బల్ల మీంచి చూసింది. చూసి ఊరుకుంది. ఉత్తరంలో రాస్తే నువ్వు నాముందే చదువుతావని రాయలా. నాకు ఆరోజే అర్థమైంది. అయినా నేను నోరిప్పలా. అదీ నా బతుకు."

ఆరున్నరేళ్ళు, అక్కా. నిన్ను నేను అన్న మాటలు, నాన్న వింటూ ఉండగా అన్న మాటలు అన్నీ లెక్కపెట్టుకుంటున్నాను. అవి ఏ కార్డు మీదా పట్టవు.

ఆయన్ని తిట్టబుద్ధి కాలేదు. చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఆ కప్పు నాకెప్పుడూ అక్కర్లేదని అబద్ధమాడాను. "అబద్ధాలాడకు, దానికోసమే చచ్చావు నువ్వు" అని నవ్వాడు. అదే ఆఖరి నవ్వు.

క్షమించమని అడగడం నాకు సరిగా రాదు. నీకు తెలుసు.

ఆర్లిస్

*

రాన్సమ్ ఫెర్రీ,
24 మార్చి 1963

మా ఆర్లిస్,

నీ ఉత్తరం షెడ్డులో, మగ్గాల మధ్య నిలబడి చదివాను. నాలుగు పోగులు తెగాయి. ఇరవై ఏళ్ళలో మొదటిసారి నేను చూడలేదు. మేస్త్రీ వచ్చి నా మొహం చూసి, తనే ముడులు వేసి వెళ్ళాడు.

నువ్వు ఒంటరిగా వస్తావనీ, చెబుతాననీ మూడేళ్ళు ఎదురుచూశాను. తర్వాత చెప్పకపోవడమే మేలనిపించింది. నువ్వు నామీద కోపంతో బతకగలవు, నేనిక్కడ దూరంగా ఉన్నాను. నాన్న మీద కోపంతో, పొద్దున్నే లేచి ఆయన మొహం చూస్తూ ఎలా బతుకుతావు? నాక్కూడా కోపం లేదనకు. ఉంది. నీమీద చాలా ఉంది. మాబ్రీ మనిషి మాట నమ్మావు, నా మాట నమ్మలేదు. కానీ నిన్న రాత్రి నిద్రపట్టాక పొద్దున్న చూస్తే అది సగమే మిగిలింది. మిగతా సగం నువ్వొచ్చి తిట్టించుకుని పో.

మర్టిస్‌కు నా ముద్దులు. ఆ రొట్టెలో చక్కెర నిజంగానే ఎక్కువ.

నీ అక్క

*

షార్లెట్,
2 ఆగస్టు 1964

అక్కా,

నిరుడు వచ్చి తిట్లు తిని పోయాను. ఈ ఏడు కారుతో వస్తున్నాను. తెల్లరంగే. నాకు ముప్పై ఎనిమిదేళ్ళు, కారు నంబరుతో సమానం. షెడ్డు కుర్రాళ్ళు నన్ను తాతా అంటున్నారు. గంటకు నూట ఇరవై మైళ్ళ మీద మలుపు తిరిగి చూపించాక చిన్నాయనా అంటున్నారు.

బ్రిల్ గారిని అడుగు, నా కారు నీకివ్వమని. ఇవ్వనంటే కారు ట్రైలరు మీంచి దించను.

ఆర్లిస్

*

రాన్సమ్ ఫెర్రీ,
8 సెప్టెంబరు 1964

ఒరేయ్ తొందరపాటు వెధవా,

నువ్వు రేడియోలో వినే ఉంటావు, తంతి కూడా అంది ఉంటుంది. అయినా జరిగింది జరిగినట్టు రాయకపోతే నాకు తోచదు.

మాబ్రీ గెలిచాడు, గాస్కిన్స్ రెండు అని మైకులో చెప్పగానే నేను నా కార్డు చూసుకున్నాను. నాలుగు వందలు. నువ్వు నాలుగు వందోసారి గీత దాటిన టైముకు మాబ్రీ ఇంకా ఉత్తరం మలుపులో ఉన్నాడు, నా కళ్ళతో చూశాను. లేచి నిలబడ్డాను. పన్నెండేళ్ళలో ఆ బల్ల మీంచి పందెం రోజున ఎవరూ లేచి మాట్లాడలేదు. "ఇది తప్పు" అన్నాను. బ్రిల్ గారికి వినపడలేదు. రెండోసారి అరిచాను. ఆ మెట్ల మీద సగం జనానికి వినపడింది.

ఒకతను, కొత్తగా వచ్చిన అధికారి, "తమ్ముడి కోసం అక్క అనదా మరి" అని నవ్వాడు. బ్రిల్ గారు పెన్ను కింద పెట్టి అతనివైపు తిరిగారు.

"బాబూ, ఎనిమిదేళ్ళ కింద ఇదే బల్ల మీద ఇదే తమ్ముడి చేతిలో కప్పు ఉండగా, ఈవిడ లేచొచ్చి వాడు రెండోవాడని కార్డు ఇచ్చింది. ఈవిడ నాలుగు వందలంటే నేను లెక్క చూస్తాను. నువ్వు కూర్చో" అన్నారు.

అందరి కార్డులూ గదిలో బల్ల మీద పరిచారు. రెండున్నర గంటలు. మాబ్రీ కారు లెక్కపెట్టింది అతని మేనమామ కొడుకు, బీమా ఏజెంటు, మంచివాడే. అతని కార్డులో రెండు వందల ఎనభై ఏడుకూ ఎనభై ఎనిమిదికీ మధ్య పదకొండు సెకన్లే ఉన్నాయి. ముప్పై ఆరు సెకన్లకు తక్కువలో ఏ కారూ చుట్టు తిరగలేదు. వెనకే వచ్చిన ఇంకో నీలం కారును కూడా మాబ్రీదే అనుకుని గీసేశాడు. పాపం, చెమటలు కక్కుతూ తనే వేలుపెట్టి చూపించాడు.

మాబ్రీని పిలిచారు. ఆ కార్డు చూశాడు, నాది చూశాడు. టోపీ తీసి, "నాకు ఒకసారి కప్పు ఇచ్చింది ఈవిడ లెక్కే. ఇప్పుడు దాంతో ఏ మొహంతో పోట్లాడను?" అన్నాడు. కప్పు తనే బల్ల మీద పెట్టాడు. అతని గురించి నేను ఇకమీద చెడ్డగా మాట్లాడను.

నీకోసం వెతికితే నువ్వు లేవు. నాలుగింటికే కారు కట్టేసుకుని వెళ్ళిపోయావట. ఒక్క మాట చెప్పావా? నా దగ్గరికి వచ్చావా? కప్పు తీసుకునేవాడు లేక, బ్రిల్ గారు నన్ను రమ్మన్నారు. గేటు దగ్గర కాపలా మనిషి చెయ్యి అడ్డం పెట్టాడు, కార్లుండే వైపు ఆడవాళ్ళు రాకూడదని. పన్నెండేళ్ళుగా ఆ గేటు ఇవతలే నిలబడ్డాను నేను.

"అయితే ఆవిడ చేతికి కప్పెలా అందాలి? గోడ మీంచి విసరమంటావా?" అన్నారు బ్రిల్ గారు. ఆయనకు చెవుడు కదా, ఆ మాట కూడా అందరికీ వినపడింది. జనం ఇంకా పోలేదు, తెలుసా. సగం మంది ఉండిపోయారు, ఎవరు గెలిచారో తేలేదాకా. వాళ్ళు నవ్వడం మొదలుపెట్టారు. కాపలా మనిషి ఎర్రబడిపోయి గేటు తీశాడు.

నేను లోపలికి నడిచాను, తమ్ముడూ. తారు మీద నా బూట్ల చప్పుడు నాకు వినపడింది. కప్పు నా చేతుల్లో పెడితే బరువుకు ముందుకు తూలాను. మా షెడ్డు ఆడవాళ్ళు ఇరవై మంది మెట్ల మీద లేచి నా పేరు పెట్టి అరిచారు. మగ్గాల మోతలో అరిచి అరిచి వాళ్ళ గొంతులు మామూలువి కావు. దక్షిణం మలుపుదాకా వినపడి ఉంటుంది.

ఇంకొక సంగతి. బ్రిల్ గారు ఈ ఏడుతో మానుకుంటున్నారు. లెక్కల పెద్దగా నన్ను ఉండమన్నారు. అన్ని కార్లకూ, అందరు లెక్కగాళ్ళకూ నేనే బాధ్యురాలిని. కానీ నా తమ్ముడు నడిపే పందేనికి నేనెలా ఉండను? జవాబు ఇంకా చెప్పలేదు. నువ్వేమంటావో రాయి.

లవీడా

*

షార్లెట్,
11 సెప్టెంబరు 1964

అక్కా,

నేను ఎందుకు వెళ్ళిపోయానో ముందు చెబుతాను. రెండోవాడినని మైకులో విన్నప్పుడు, నీ కార్డు అలాగే చెప్పి ఉంటుందనుకున్నాను. నువ్వు రాస్తే అది నిజం. ఈసారి పోట్లాట అక్కర్లేదనిపించింది. నీ దగ్గరికి వస్తే నా మొహం చూసి నువ్వు బాధపడతావని, ట్రైలరు కట్టుకుని బయల్దేరాను. మర్టిస్ వద్దంది. వినలేదు.

మన్రో దగ్గర పెట్రోలు బంకులో ఆగాం. ఆరు దాటింది. నేను పెడల్ వేడికి బొబ్బలెక్కిన మడమలు చల్లారేలా బకెట్టు నీళ్ళలో పెట్టుకుని కూర్చున్నాను. లోపల రేడియో మోగుతోంది. బంకు మనిషి గొట్టం పట్టుకుని, "విన్నావా, రాన్సమ్ ఫెర్రీలో గెలుపు తారుమారైందట. గాస్కిన్స్ గెలిచాడట" అన్నాడు.

"ఏ గాస్కిన్స్?"

"ఆర్లిస్ గాస్కిన్స్. ఎవడో ముసలి డ్రైవరు."

"ఆ గాస్కిన్స్ నేనే" అన్నాను.

"అవునవును, నేను గవర్నర్ని" అన్నాడు. అంటూ ట్రైలరు వైపు చూశాడు. తెల్లకారు చూశాడు, ముప్పై ఎనిమిది చూశాడు, బకెట్లో నా కాళ్ళు చూశాడు. గొట్టం వదిలేశాడు. పెట్రోలు నేల మీద పోతోంది. మర్టిస్ పరిగెత్తి ఆపింది. ఆ మనిషి లోపలికెళ్ళి పెళ్ళాన్నీ, అత్తనూ, పక్క కొట్టువాణ్ణీ పిలుచుకొచ్చాడు. అంతా కలిసి ఉడకబెట్టిన వేరుశనక్కాయలూ చల్లటి సీసాలూ తెచ్చి పెట్టారు. నేను బకెట్టులోంచి కాళ్ళు తీయకుండానే రేడియో ముందు జరుపుకుని విన్నాను.

కప్పు మా అక్క తీసుకుందని రేడియోలో చెప్పారు. గేటు సంగతి కూడా. ఆడవాళ్ళు అరుస్తుంటే ఆ అరుపు మాకు వినిపించింది. బంకు మనిషి అత్త, "ఎవరమ్మా ఆవిడ?" అంది. మర్టిస్ చెప్పింది.

నాన్న ఉంటే బాగుండేది. ఏదో ఒక తప్పు ఎంచి ఉండేవాడు.

కప్పు నీ దగ్గరే ఉంచు, పోస్టులో పంపించావంటే చచ్చినట్టే. షెడ్డువాళ్ళందర్నీ వేసుకుని ఆదివారం వస్తున్నాను. పదకొండు మందిమి. నువ్వు వండకు, చర్చి ఆడవాళ్ళ దగ్గర కోడి తీసుకో.

ఇక నువ్వు అడిగినదానికి. బ్రిల్ గారికి సరేనని చెప్పు, ఈరోజే చెప్పు. నాకోసం ఆగావంటే నేను పందేలు మానేస్తాను. నా కారు లెక్కకు ఇంకొకర్ని పెట్టు, నువ్వు అందరి పైనా కూర్చో. నేను రెండోవాణ్ణయితే రెండోవాణ్ణని రాయి, ఇరవయ్యోవాణ్ణయితే అలాగే రాయి. ఒక్క మాట అడగను.

నిన్ననే కారు ఇంజను విప్పాం. వచ్చే సెప్టెంబరుకు ఇంకో ఐదు మైళ్ళ వేగం తీస్తాను. నీకు రెండోవాణ్ణని రాసే శ్రమ ఉండదులే.

ఆర్లిస్